అడవిపంది మాంసం అమ్మకాలపై జిల్లా అటవీ అధికారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మాది అడవి అంచున ఉన్న ఊరు. మక్క చేను కంకి పట్టిందంటే పందుల భయం మొదలవుతుంది. రాత్రంతా కాపలా కాసినా ఒక్కోసారి పంట దక్కదు. ఆ బాధ నాకు తెలుసు. కానీ ఆ పేరుతో కరెంటు తీగలు, ఉచ్చులు పెట్టి చంపిన పందిని తెల్లారేసరికి పోగులు పెట్టి అమ్మడం మాత్రం తప్పు. ఆ తీగలకు రైతులు, పశువులు కూడా బలవుతున్నారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, అనుమతితో చంపిన పంది కూడా ప్రభుత్వ ఆస్తే. వేటగాడు దాన్ని పంచుకోకూడదు, కోసేవాడు కత్తి పెట్టకూడదు. ఈ సంగతి మా దగ్గర మాంసం కొట్టేవాళ్లలో చాలామందికి తెలియదు.

ఇంకో టెన్షన్ ఆరోగ్యం గురించి. మేకను కోసే ముందు పశువైద్యుడు చూడాలన్న నియమం ఉంది. ఈ పందిని ఎవరు చూశారు? దాని కండలో ట్రైకినెల్లా పురుగు ఉండొచ్చు, సరిగా ఉడకకపోతే అది తిన్నవారికి సోకుతుంది. కోసేవాడి చేతికి గాయం ఉంటే బ్రూసెల్లోసిస్ అనే జ్వరం జబ్బు అంటుకోవచ్చు.

దయచేసి ఊళ్లలో చాటింపు వేయించండి. పశువైద్యుడిని వెంటబెట్టుకుని సంతల్లో తనిఖీ చేయండి. పంట నష్టపరిహారం త్వరగా ఇప్పించండి, అది ఆలస్యమైన చోటే తీగలు లేస్తున్నాయి.

ఇట్లు,
అడవి అంచు ఊరి రైతు