మోటార్‌హోమ్ ధర రాశారు, దాన్ని నడిపే ఖర్చు కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

అమెరికాలో మన తెలుగు కుటుంబాలు మోటార్‌హోమ్‌లు కొనుక్కుని నేషనల్ పార్కులు తిరుగుతున్నాయని మీ ఆదివారం పేజీల్లో వచ్చిన కథనం చదివాను. బాగుంది, ఫోటోలు ఇంకా బాగున్నాయి. కానీ అందులో బండి ధర ఉంది, లోన్ ఎన్నేళ్లకు ఇస్తారో ఉంది, లోపల ఎంతమంది పడుకోవచ్చో ఉంది, కొన్న తర్వాత ఏటా దాని మీద ఎంత పెట్టాలన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. నేను డాలస్ పక్కన ఉంటాను. ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ (ఇంజన్, చక్రాలు ఉండే కింది భాగం) మీద కట్టిన క్లాస్ సీ, అంటే మధ్య సైజు మోటార్‌హోమ్ మాకు ఉంది. మీ కథనం వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినప్పటి నుంచి "మేమూ తీసుకుందామనుకుంటున్నాం, మెయింటెనెన్స్ పెద్దగా ఉండదు కదా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఉంటుంది, చాలా ఉంటుంది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు మీకే రాస్తే నలుగురూ చదువుతారని రాస్తున్నాను.

ఇక్కడ అందరూ దీన్ని ఆర్వీ అంటారు. కింద లారీ, పైన ఇల్లు. రెండూ వేర్వేరు కంపెనీలవి, బిల్లులు కూడా రెండు రకాలుగా వస్తాయి. లారీ భాగం కాస్త నయం, ఇంజన్ ఆయిల్, బ్రేకులు, ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, అలైన్‌మెంట్ లాంటివన్నీ తెలిసిన పనులే, పెద్ద వ్యాన్లు, ట్రక్కులు చూసే షాపు దొరికితే అయిపోతుంది (మామూలు ఆయిల్ ఛేంజ్ షాపులు చాలావాటిలో ఎత్తు సరిపోక బండి లోపలికే పోదు, అది వేరే సంగతి). అసలు కష్టం ఇంటి భాగంతో. ఫ్రిజ్ ఒక కంపెనీది, వాటర్ హీటర్ ఇంకొకరిది, పైన ఏసీ మరొకరిది, పక్కకు తెరుచుకునే గది, అదే స్లైడ్-అవుట్, దాని మోటారు ఇంకెవరిదో. ఇవన్నీ తెచ్చి బిగించినవాడి వారంటీ వేరు, ఛాసిస్‌కి ఫోర్డ్ ఇచ్చే వారంటీ వేరు. ఏదైనా పాడైతే ముందు అది ఎవరి కిందికి వస్తుందో తేలాలి, ఆ తర్వాత పార్టు రావాలి, తర్వాతే మెకానిక్ చేయి పెడతాడు.

మా స్నేహితుల బండికి కొత్తలోనే స్లైడ్-అవుట్ లోపలికి రాకుండా ఇరుక్కుపోయింది. ఒక డీలర్ దగ్గర వదిలితే వేసవి సెలవులు మొత్తం అక్కడే ఉండిపోయింది. పార్టు రాలేదంటారు, వచ్చాక అప్రూవల్ రాలేదంటారు, లోన్ ఈఎంఐ మాత్రం నెలనెలా కట్ అవుతూనే ఉంది. వాళ్ల అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చిందే ఆ బండిలో ఎల్లోస్టోన్ చూడటానికి, చివరికి కారులో వెళ్లి వచ్చారు. ఇలాంటప్పుడు లెమన్ లా (ఎన్నిసార్లు బాగుచేసినా కుదరని కొత్త బండిని కంపెనీ వెనక్కి తీసుకోవాలనే చట్టం) కాపాడుతుంది కదా అని చాలామంది అనుకుంటారు. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు ఒకసారి చట్టం చదువుకోండి. అక్కడ కొత్త వాహనాల కింద మోటార్‌హోమ్‌కి వర్తించేది ఛాసిస్‌కి, బండిని నడిపించే భాగానికి మాత్రమే, మనుషులు ఉండటానికి కట్టిన భాగాన్ని ఆ నిర్వచనంలోంచి స్పష్టంగా తీసేశారు. ఎక్కువగా పాడయ్యేది ఆ భాగమే.

లేబర్ ఛార్జీ గంటకు 150 నుంచి 200 డాలర్ల దాకా ఉంది, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే. ఏం పోయిందో కనుక్కోవడానికే గంటో రెండు గంటలో పడుతుంది, దానికీ అదే రేటు. ఇరవై డాలర్ల స్విచ్చి మార్చడానికి మూడు వందల బిల్లు రావడం ఇక్కడ మామూలు. ఇంటికే వచ్చి చేసిపెట్టే మొబైల్ టెక్నీషియన్లు ఉన్నారు, మంచివాడు దొరికితే నంబర్ జాగ్రత్తగా దాచుకోండి, డీలర్ దగ్గర వారాల తరబడి పడుండే బాధ తప్పుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, రూఫ్. మోటార్‌హోమ్‌ని చంపేది ఇంజన్ కాదు, నీళ్లు. పైన ఏసీకి, ఫ్యాన్లకి, యాంటెనాకి, గొట్టాలకి ఎన్నో చోట్ల కన్నాలు పెట్టి చుట్టూ సీలెంట్ పూసి వదిలేస్తారు. బండి కదిలినప్పుడల్లా ఆ జాయింట్లు ఊగుతాయి, టెక్సాస్ ఎండకి సీలెంట్ ఎండి పగుళ్లు ఇస్తుంది, వెంట్రుకంత సందు చాలు, వాన నీళ్లు లోపలికి దిగుతాయి. దిగాక మనకు వెంటనే కనపడవు. రూఫ్ కింద ప్లైవుడ్ తడిసి, గోడలోని చెక్క తడిసి, నెమ్మదిగా కుళ్లుతుంది. లోపల మరక కనపడేసరికి, లేదా బయట ఫైబర్‌గ్లాస్ గోడ పొక్కులా ఉబ్బేసరికి (దీన్ని డీలామినేషన్ అంటారు) పని వేల డాలర్లలోకి వెళ్లిపోయి ఉంటుంది, పాత బండి అయితే బండి విలువకంటే రిపేరే ఎక్కువ అవుతుంది. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోవద్దు. చెట్టు కొమ్మ పడితే, వడగళ్లు పడితే ఇస్తారు, రోజుల తరబడి కారి కుళ్లినదానికి సాధారణంగా ఇవ్వరు, అది మెయింటెనెన్స్ లోపం అంటారు. వారంటీ వాళ్లు కూడా సీలెంట్ ఎప్పుడెప్పుడు చెక్ చేశారో చూపించమంటారు.

చాలా మాన్యువల్స్‌లో మూడు నెలలకోసారి రూఫ్ చూడమని ఉంటుంది. నిచ్చెన ఎక్కి ప్రతి జాయింటూ చూసి, పగిలినచోట శుభ్రం చేసి, ఆ రూఫ్‌కి సరిపోయే సెల్ఫ్-లెవెలింగ్ సీలెంట్ వేయాలి. ట్యూబు పదిహేను, ఇరవై డాలర్లు. అది వేయడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. నేను ప్రతిసారీ తేదీతో ఫోటోలు తీసి పెట్టుకుంటాను, రేపు వారంటీ వాడు అడిగినా, బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడిగినా చూపించడానికి. ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి, మనవాళ్లలో చాలామంది ఈ పని చేయరు. వీకెండ్ అంతా లోపల ఎల్‌ఈడీ లైట్లు మార్చడం, సోఫా కవర్లు మార్చడం, కొత్త టీవీ బిగించడం, రూఫ్ మీదికి మాత్రం ఎవరూ ఎక్కరు.

టైర్ల విషయంలోనూ ఇదే పరిస్థితి. మోటార్‌హోమ్ టైరు అరిగిపోయేదాకా తిరగదు, అంతకుముందే ముసలిదైపోతుంది. చూడ్డానికి ట్రెడ్ కొత్తదానిలా ఉంటుంది, పక్కన రబ్బరు పగిలి ఉంటుంది. టైరు మీద డాట్ అని ఉన్నచోట చివరి నాలుగంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఐదేళ్లు దాటాక ఏటా చెక్ చేయించాలి, ఏడేళ్లు దాటినవాటి మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని హైవే ఎక్కడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. మా సైజు బండికి ఆరు టైర్లు, ఒక్కోటి 150 నుంచి 250 డాలర్లు, బిగింపు అదనం. పెద్ద డీజిల్ క్లాస్ ఏ బస్సుల్లాంటివాటికి ఒక్క టైరే 500 దాటడం మామూలు. పైగా టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి కమర్షియల్ కాని వాహనాలకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. అంతకుముందు ఏడాదికోసారైనా ఒక మనిషి బ్రేకులు, లైట్లు, టైర్లు చూసేవాడు. ఇప్పుడు మనం చూడకపోతే ఇంకెవరూ చూడరు.

అసలు ఈ బండి వాడినా ఖర్చే, వాడకపోయినా ఖర్చే. వాడకపోతే ఇంకా ఎక్కువ. పెట్రోల్ జనరేటర్‌ని నెలకోసారైనా ఏసీ వేసి లోడు మీద గంటో రెండు గంటలో నడపాలి, లేకపోతే కార్బ్యురేటర్‌లో పెట్రోల్ జిగురుగా పట్టేసి స్టార్ట్ కాదు. ఆయిల్ 150 గంటలకోసారి, లేదా గంటలు నిండకపోయినా ఏడాదికోసారి మార్చమంటారు. కొత్త జనరేటర్ కొనాలంటే నాలుగైదు వేల డాలర్లు. లెడ్-యాసిడ్ బ్యాటరీలు ఛార్జింగ్ లేకుండా వదిలేస్తే ఒక్క సీజన్లో చచ్చిపోతాయి, ఎందుకంటే అన్నీ ఆపేశామనుకున్నా గ్యాస్ డిటెక్టర్ లాంటివి కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి.

ఇంకొకటి, ఇది ఎక్కడ పెడతారు? ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటిచోట్ల మనవాళ్లు ఉండే కాలనీల్లో చాలావాటికి హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) రూల్స్ ఉంటాయి, డ్రైవ్‌వేలో ఆర్వీ పెట్టనివ్వరు. స్టోరేజీలో పెట్టాలి. ఓపెన్ స్థలం అయితే నెలకు 100 డాలర్ల పైన, కప్పు ఉన్నది 200 పైన. మా వైపు వడగళ్ల వానలు తెలిసినవాళ్లు కప్పు ఉన్నదే తీసుకుంటారు, ఎండ నుంచి రూఫ్‌కీ టైర్లకీ కూడా అదే మేలు. ఏడాదికి రెండున్నర వేలు, బండి కదలకుండానే.

చలికాలం ముందు, పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగలకుండా, విడిగా ఒక పని ఉంటుంది. నీళ్లన్నీ తీసేసి, వాటర్ హీటర్ బైపాస్ చేసి, గులాబీ రంగు ఆర్వీ యాంటీఫ్రీజ్ పైపుల్లోకి ఎక్కించాలి (కారులో పోసేది కాదు, అది విషం). సొంతంగా చేసుకుంటే రెండు మూడు గ్యాలన్ల ఖర్చే. టెక్సాస్‌లో మనకెందుకులే అనుకునేవాళ్లకి 2021 ఫిబ్రవరి గుర్తుండాలి. డాలస్‌లో ఉష్ణోగ్రత సున్నా ఫారెన్‌హీట్ (మైనస్ 18 సెల్సియస్) కిందికి పోయింది, కరెంటు పోయింది, ఇళ్లల్లో పైపులే పగిలాయి, ఇక ఆర్వీల సన్న ప్లాస్టిక్ పైపులు, పంపులు, కుళాయిల సంగతి చెప్పాలా?

మన వంటల గురించి కూడా చెప్పాలి, ఇక్కడి పుస్తకాల్లో ఇది ఉండదు కాబట్టి. క్యాంప్‌గ్రౌండ్లో మా సైజు బండికి తీసుకునే 30 ఆంప్ కరెంటు కనెక్షన్ అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ ఆన్‌లో ఉండగా మైక్రోవేవ్ పెట్టి, దాంతోపాటు రైస్ కుక్కర్ కూడా వేస్తే బ్రేకర్ పడిపోతుంది. పడిపోతే పర్వాలేదు, క్యాంప్‌గ్రౌండ్లో అందరూ ఒకేసారి ఏసీలు వేసి వోల్టేజీ తగ్గిపోతేనే ప్రమాదం, ఏసీ కంప్రెసర్ కాలిపోతుంది. మంచి సర్జ్ ప్రొటెక్టర్, తక్కువ వోల్టేజీకి కూడా కట్ చేసే రకం, మూడు వందల డాలర్లు పెట్టి ముందే కొనండి. తాలింపులు, వేపుళ్లు లోపల పెట్టుకుంటే ఆవిరి, నూనె జిడ్డు అంతా పైన వెంట్‌కీ ఫ్యాన్‌కీ పట్టేస్తుంది, కాబట్టి వెంట్ తలుపు తెరిచి వండాలి, వీలైతే బయట స్టవ్ మీద చేసుకోవడం మేలు. ప్రొపేన్ లైను ఏడాదికోసారి లీక్ టెస్ట్ చేయించండి, గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ల మీద గడువు తేదీ ఉంటుంది, ఐదు నుంచి ఏడేళ్లకు మార్చేయాలి. డబ్బులు ఎక్కడ తగ్గించుకున్నా ఇక్కడ తగ్గించుకోవద్దు.

మొత్తం ఎంతవుతుందని అడుగుతారు. మధ్య వయసు క్లాస్ సీ బండికి, చిన్న పనులు మనమే చేసుకుంటూ, ఇన్సూరెన్సు, స్టోరేజీ, పెట్రోలు కాకుండా సర్వీసింగ్‌కీ రిపేర్లకీ కలిపి ఏడాదికి 2,000 నుంచి 3,000 డాలర్లు పక్కన పెట్టుకోవాలని నా లెక్క. ఒక ఏడాది అంత అవ్వదు, మిగిలింది ఖర్చుపెట్టకండి, ఆ పై ఏడాది టైర్లో ఫ్రిజ్‌లో వచ్చి తినేస్తాయి. అన్నీ షాపులోనే చేయించేవాళ్లు ఇంకా వేసుకోవాలి, డీజిల్ బండ్లకు ఇంకా ఇంకా వేసుకోవాలి. పదిహేను, ఇరవై ఏళ్ల లోన్లు ఇస్తున్నారని ఈఎంఐ చిన్నదిగా కనపడుతుంది, కానీ రూఫ్ పట్టించుకోకపోతే బండి లోన్ కంటే ముందే పోతుంది.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లు 2021 ప్రాంతంలో తయారైనవాటిని మరీ జాగ్రత్తగా చూడండి. కోవిడ్ తర్వాత గిరాకీకి ఆ ఒక్క ఏడాదే, ట్రైలర్లతో కలిపి, ఆరు లక్షల ఆర్వీలు ఫ్యాక్టరీల నుంచి బయటికి వచ్చాయి, అది రికార్డు. అంత హడావుడిలో కట్టినవాటిలో పని నాణ్యత ఎలా ఉందో ఆ తర్వాత షాపుల ముందు నిలబడ్డ బండ్లే చెప్పాయి. కొనేముందు అమ్మేవాడితో సంబంధం లేని ఇన్‌స్పెక్టర్‌ని పెట్టి, తేమ మీటరుతో గోడలన్నీ చూపించండి. దానికి వెయ్యి డాలర్ల దాకా అయినా సరే పెట్టండి. ఏడాదికి ఒక ట్రిప్పు, అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇంకో ట్రిప్పు, అంతే అనుకునేవాళ్లు అసలు కొనొద్దు, రోజుకు 150 నుంచి 300 డాలర్లకు అద్దెకు దొరుకుతాయి, మైళ్లకు విడిగా వేస్తారు, అయినా చవకే.

మన దగ్గర కూడా ఫోర్స్ ట్రావెలర్ లాంటి వ్యాన్ల మీద క్యారవాన్లు కట్టించుకునేవాళ్లు పెరుగుతున్నారని విన్నాను. అక్కడా ఇదే తీరు, ఇంజన్‌కి కంపెనీ సర్వీస్ సెంటర్ ఉంటుంది, లోపలి నీళ్ల పంపుకి, ఇన్వర్టర్‌కి, టాయిలెట్ ట్యాంకుకి బాడీ కట్టినవాడే దిక్కు. అడ్వాన్స్ ఇచ్చేముందు అతను ఇంతకుముందు కట్టిన బండ్ల ఓనర్లతో మాట్లాడండి, రెండు వర్షాకాలాలు చూసిన బండి అయితే మరీ మంచిది, దాని రూఫ్ కింద చేయి పెట్టి చూడండి.

సార్, ఈసారి ఇలాంటి కథనం వేసేటప్పుడు ఆ కుటుంబాన్ని గత ఏడాది సర్వీస్ బిల్లులు ఎంతయ్యాయో కూడా అడిగి, బండి ధర పక్కనే ఆ అంకె వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
డాలస్, టెక్సాస్