నువ్వడిగిన తాతయ్య కబుర్లు

తెనాలి

చిన్నీ,

అమ్మ ఆశీస్సులు. తాతయ్య సంవత్సరీకానికి రాలేకపోతున్నానని బాధపడకు. సెలవు దొరక్కపోతే ఏం చేస్తాం? నాకు తెలిసింది రిటైరైన తాతయ్యే కదా, కోర్టుకెళ్లే రోజుల్లో ఎలా ఉండేవారని అడిగావు. ఫోన్లో అయితే సగం మర్చిపోతానని రాస్తున్నా.

పెద్ద పేరున్న లాయరేం కాదు. క్రిమినల్ కేసుల జోలికి పోయేవారు కాదు. అన్నీ సివిల్ దావాలే. పంపకాలు, గట్టు తగాదాలు, ప్రామిసరీ నోట్లు. పొద్దున్నే వరండా నిండా పార్టీలు, లోపల గుమాస్తా మీద కేకలు. కోపిష్టి మనిషి, దాచడమెందుకు. అన్నదమ్ములు గోడ కోసం కొట్టుకుని వస్తే మాత్రం ముందు రాజీ మాటే ఎత్తేవారు. "వచ్చినవాళ్లందర్నీ రాజీ చేసి పంపేస్తే మనింట్లో పొయ్యి వెలిగేదెట్లా?" అని అమ్మమ్మ సణుగుడు. లోక్ అదాలత్‌లు వచ్చాక ఆయనకు ఇంకా ఊపొచ్చింది. అక్కడ రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది, ఆ తీర్పు మీద అప్పీలుండదు. ఈ రెండు ముక్కలూ వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు.

నీకు చెప్పాల్సింది పొలం సంగతి. నా పెళ్లి 1983లో అయింది. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని మార్చి, పిత్రార్జితంలో ఆడపిల్లకి కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపు. అప్పటికే పెళ్లైపోయినవాళ్లకి లేదు. అంటే మా ఇంట్లో పిన్నికి ఉంది, నాకు లేదు!

మరుసటి ఏడు మే నెలలో కోర్టులకి సెలవులిచ్చాక అందర్నీ రమ్మన్నారు. భోజనాలయ్యాక పొలం రికార్డు, అదే అడంగల్ నకలు ముందేసుకుని కూర్చున్నారు. మూడు భాగాలు తేలాయి. ఆయనదొకటి, మామయ్యదొకటి, పిన్నిదొకటి. "నా భాగం పెద్దదానికి దఖలు రాస్తున్నా" అన్నారు. మామయ్య మొహం మాడిపోయింది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు కూడా. ఆ తర్వాత తనే రిజిస్ట్రారు ఆఫీసుకొచ్చి సంతకం పెట్టాడు. జీవితమంతా ఊళ్లోవాళ్ల పంపకాల దావాలు నడిపిన మనిషి, తన పిల్లలు ఆ మెట్లు ఎక్కకూడదనుకున్నారు. నీ ఎమ్మెస్ కోసం మనం అమ్మింది ఆ పొలమే.

2005లో దేశమంతటికీ చట్టం మారింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు, సవరణ వచ్చేనాటికి తండ్రి బతికున్నా లేకపోయినా కూతురికి హక్కుంటుందని తేల్చింది. తాతయ్య పేపరు మీద భూతద్దం పెట్టుకుని ఆ వార్తంతా చదివి, "మన పెద్దదాని కేసు ఎప్పుడో క్లోజయిపోయింది" అన్నారు.

ప్రాక్టీసు మానేసినా లాయర్ల డైరీ కొనడం మానలేదు. పార్టీల పేర్లు రాసేచోట అమ్మమ్మ పేరు, కేసు ఏ దశలో ఉందో రాసేచోట "కుడి కన్ను ఆపరేషన్", పక్కన వాయిదా తేదీ. గ్యాస్ బుకింగూ అంతే, నీ వీసా ఇంటర్వ్యూ కూడా అంతే. ఆ రోజు దగ్గర ఎర్రసిరాతో "అనుకూలం" అని ఉంది. అమ్మమ్మ మోకాళ్లు పట్టేశాక ఉప్మా చేయడం నేర్చుకున్నారు. ఉప్పు మాత్రం ఎప్పుడూ కుదరలేదు. అమ్మమ్మ కిక్కురుమనకుండా తినేది.

బీరువా ఖాళీ చేస్తున్నాం. లా పుస్తకాలు బార్ అసోసియేషన్ వాళ్లకి ఇచ్చేద్దామని మామయ్య అంటున్నాడు, నాకూ సరేననిపించింది. డైరీలు మాత్రం నేనే తెచ్చుకుంటాను. నీ వీసా పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాను. సంక్రాంతికైనా వస్తావేమో చూడు, టికెట్లు ముందే చేయించుకో.

అమ్మ