పొలాల్లో తిరిగే బండికి రిపేరు ఊళ్లోనే దొరకాలి

సంపాదకులకు నమస్కారం.

పదిహేనేళ్లు దాటిన బండ్లను తుక్కు కింద పంపించడంపై మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. పాత బండి ఇచ్చేస్తే ఏం లాభం, ఉంచుకుంటే ఫిట్‌నెస్‌కు ఏం ఖర్చు, అన్నీ బాగానే రాశారు. ఆ పాత బండి పోయాక దాని స్థానంలో వచ్చే కొత్త బండితో రోజూ పొట్ట పోసుకునేవాడి సంగతి మాత్రం అందులో లేదు. అది నేను రాస్తున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే అయింది, కత్తిరించాల్సి వస్తే చీనీ (బత్తాయి) తోటల ముచ్చట కత్తిరించండి గానీ బండి ముచ్చట ఉంచండి.

నాది కదిరి. బోరు మోటార్లు దించడం, లేపడం, బాగుచేయడం నా పని. నేను ఈ పనిలో చేరిన కొత్తల్లో బోరు మీద మూడు కట్టెలు నిలబెట్టి, చైన్ పుల్లీ తగిలించి, ఊళ్లోవాళ్లను పిలిచి లాగించేవాళ్లం. జీఐ పైపులు, ఒక్కొక్కటి 20 అడుగులు. ఒక పైపు పైకి రావడం, క్లాంపు బిగించడం, పైపు విప్పడం, మళ్లీ లాగడం. పొద్దున మొదలుపెడితే చీకటిపడేది. ఇప్పుడు ఒక పికప్ బండి, ఇద్దరు కుర్రాళ్లు ఉంటే చాలు.

నా బండి వెనక ఏముంటుందో చెబుతాను. మధ్యలో విన్చ్, అంటే మోటారును పైకి లాగే యంత్రం. అంబాసిడర్ కారు గేర్‌బాక్సుకు ఇనుప డ్రమ్ము వెల్డింగ్ చేసి, దాని మీద వైరు రోపు చుట్టించాను. దాన్ని తిప్పడానికి చేత్తో హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేసే ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజన్. పక్కన క్లాంపులు, పైపు రెంచీలు, చైన్ రెంచి, కేబుల్ చుట్టలు, స్టార్టర్ కాంటాక్టులు, కెపాసిటర్లు, మెగ్గర్, సిరీస్ బల్బు. ఒక డ్రమ్ము మంచినీళ్లు. తాగడానికని అనుకునేరు, మోటారుకు. నీళ్లతో నిండే రకం మోటారును దించేముందు లోపల మంచినీళ్లు నింపాలి. పొడిగా దించితే బుష్‌లు కొట్టుకుపోతాయి, మళ్లీ అదే మోటారును అదే మనిషి పైకి లేపాలి.

ఈ విన్చ్‌ను బండి ఇంజన్ మీద నుంచే నడిపించుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పాత బండికి అట్లాగే ఉండేది. కొత్త బండి తీసుకున్నప్పుడు షోరూంవాళ్లు ముందే చెప్పారు, ఇంజన్ మీద నుంచి ఏది తీసుకున్నా వారంటీ పోతుందని. సరే అని వేరే ఇంజన్ పెట్టించుకున్నాను. అంటే నా బండి మీద ఇప్పుడు రెండు డీజిల్ ఇంజన్లు ఉన్నాయి. వెనకది ఆగిపోతే నాజిల్ విప్పి చూస్తాను, గాలి పట్టిందేమో బ్లీడ్ చేస్తాను, చెట్టు నీడలోనే దాని సంగతి తేలిపోతుంది. ముందుది ఆగితే అనంతపురం పోవాలి. దాదాపు 90 కిలోమీటర్లు.

మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో చీనీ తోటలకు నీళ్లు ఆగకూడదు. ఏళ్ల తరబడి పెంచిన చెట్లు. "మూడు దినాలుగా నీళ్లు ల్యా, చెట్లు వాడుతాండాయన్నా, ఎప్పుడొస్తావు?" అని ఫోన్లు. కరెంటు ఉండేది పగలు 9 గంటలు. ఆ 9 గంటల్లో మోటారు లేపి, రిపేరు చేసి, దించి, నీళ్లు పడ్డాయని రైతుకు చూపించాలి. అప్పుడే డబ్బులు.

మోటారు రిపేరులో ఒక సుఖం ఉంది. లేపకముందే సగం జబ్బు తెలుస్తుంది. స్టార్టర్ దగ్గర మూడు వైర్ల మీద ఒక్కొక్కదానికీ టాంగ్ టెస్టర్ (కరెంటు ఎంత పోతోందో చూపే మీటరు) తగిలిస్తాను. 5 హెచ్‌పీ మోటారు మామూలుగా 9, 10 ఆంప్స్ తీసుకుంటుంది. మూడింట్లోనూ పదిహేను దాటితే పంపులో ఇసుక పట్టి ఇంపెల్లర్లు బిగుసుకున్నాయని అనుమానం. ఒక వైరులో సున్నా వచ్చి మిగతా రెండింట్లో పెరిగితే ఫేజు పోయింది, అది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరా, స్టార్టర్‌లోనా, కేబుల్ జాయింటులోనా చూడాలి. మోటారు తిరుగుతూ ఆంప్స్ బాగా తగ్గి, నీళ్లు రాకపోతే మోటారును పంపుకు కలిపే కప్లింగ్ తెగి ఉండాలి, లేదంటే బోరే ఎండిపోయి ఉండాలి. బోరు ఎండిందని చెప్పడమే కష్టం. రైతు ముఖం చూడలేం. 600 అడుగుల కింద ఉన్న మోటారు గురించి పైన నిలబడి ఇంత చెప్పగలుగుతున్నాను. నేను కూర్చున్న సీటు కింద ఉన్న ఇంజన్ గురించి మాత్రం, ఎర్రదీపం వెలిగిందని తప్ప ఇంకేం చెప్పలేను.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 బండ్లే, అంటే పొగ తక్కువ వదిలే కొత్త నియమాల బండ్లే అమ్మాలన్నారు. డీజిల్‌లో గంధకం కూడా 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకు దించారు. మంచిదే. పాత డీజిల్ ఇంజన్ల వెనక నిలబడి పని చేసినవాణ్ని, పొగ వద్దని ఎవరైనా అంటే ముందు చెయ్యెత్తేది నేనే. నా గొడవ ఆ పొగను ఆపే సామాను గురించి, దాని మీద వేసిన తాళం గురించి.

డీజిల్ బండి సైలెన్సర్ గొట్టంలో ఇప్పుడు డీపీఎఫ్ అని ఒక ఫిల్టరు ఉంటుంది. లోపల తేనెతుట్టెలాగా సన్నని గదులున్న పింగాణీ దిమ్మ. మసి అక్కడ ఆగుతుంది. నిండుతున్నకొద్దీ బండి తానే ఎక్కువ డీజిల్ కొట్టి, 600 డిగ్రీల దాకా వేడి పుట్టించి ఆ మసిని కాల్చుకోవాలి. అది జరగాలంటే బండి కాస్త వేగంగా, ఆగకుండా, ఒక ఇరవై నిమిషాలైనా పోవాలి. బెంగళూరు రోడ్డు మీద సరుకు తోలేవాడికి ఈ ఇబ్బందే తెలియదు. నేను పోయేది మొదటి గేరు, రెండో గేరులో, పొలం గట్ల మీద. పోతాను, ఆపుతాను, సాయంత్రం ఇంకో బోరు దగ్గరికి నాలుగు కిలోమీటర్లు పోతాను. మసి పడుతూనే ఉంటుంది, కాలే సందు దొరకదు. మొదట పసుపు దీపం వెలుగుతుంది. అప్పుడూ పట్టించుకోకపోతే ఎర్రదీపం, దాంతోపాటు బండి బలం చచ్చిపోతుంది. యాక్సిలరేటర్ నేలకు ఆనించి తొక్కినా లాగదు.

పసుపు దీపం వెలిగినప్పుడు సర్వీసు సెంటరుకు ఫోన్ చేస్తే, "హైవే మీద ఆపకుండా తోలండి సార్, అదే పోతుంది" అన్నారు. నిజమే, పోయింది. ఇప్పుడు దీపం కనబడితే పని ముగించుకుని, మొలకలచెరువు వైపు హైవే ఎక్కి, ఏ పనీ లేకుండా తోలుకుని పోయి తిరిగొస్తాను. విన్చ్, పైపులు, క్లాంపులు అంత బరువూ బండి మీదే. మసి కాల్చడానికి డీజిల్ కాల్చడం. నా కుర్రాళ్లు దీనికి "దేవుడి ప్రదక్షిణ" అని పేరు పెట్టారు.

అసలు గొడవ ఆ తర్వాత జరిగింది. తలుపుల మండలంలో ఒక తోటలో 7.5 హెచ్‌పీ మోటారు దించి వస్తుండగా పసుపు లేకుండా ఏకంగా ఎర్రదీపం. బండి నడక వేగానికి వచ్చేసింది. ఎట్లాగో కదిరి చేరి, మా ఊళ్లో లారీల పని చేసే పెద్ద మేస్త్రి దగ్గర పెట్టాను. ఆయన దగ్గర బండి కంప్యూటరుకు తగిలించి తప్పేంటో చదివే, బజారులో దొరికే చిన్న స్కానర్ ఉంది. అందులో ఫిల్టరు పీడనం ఎక్కువగా ఉందని కోడ్ వచ్చింది. ఆయన కోడును నమ్మలేదు. బండి కింద పడుకుని టార్చి వేసి చూశాడు. ఫిల్టరు ముందు ఒకటి, వెనక ఒకటి, చిటికెన వేలంత సన్నని రబ్బరు పైపులు పీడనం కొలిచే సెన్సార్‌కు పోతాయి. అందులో వెనక పైపు వేడికి పగిలిపోయి ఉంది. వెనక పీడనం సరిగా అందక, ముందుదానికీ వెనకదానికీ ఉన్న తేడా తప్పుగా కొలిచి, ఫిల్టరు నిండిపోయిందని కంప్యూటరు అనుకుంది. ఆయన వేడిని తట్టుకునే పైపు ముక్క తెచ్చి వేశాడు. టీ తాగే లోపల పని అయిపోయింది.

దీపం మాత్రం ఆరలేదు. బండి ఆ తప్పుడు లెక్కను లోపల రాసి పెట్టుకుంది. దాన్ని చెరిపే ఆదేశం కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న స్కానర్‌కే ఉంది. మేస్త్రి చేతిలో ఉన్నది చదవగలదు, చెరపలేదు. నిలబడినచోటే మసి కాల్చే ఆదేశం కూడా ఇవ్వలేదు. బాగైపోయిన బండిని, బాగైందని ఒప్పించడానికి, నడక వేగంతో అనంతపురం తీసుకుపోలేక ఇంకో బండి మీద ఎక్కించి తీసుకుపోయాను. అక్కడ వరుసలో పెట్టారు. నా వంతు వచ్చాక పని నిమిషాల్లో అయింది. బిల్లులో పైపు లేదు, స్కానింగ్ ఉంది. ఈలోపల చీనీ తోటల వాళ్లు నాకు ఫోన్ చేయడం మానేసి వేరేవాళ్లను పిలుచుకున్నారు. వాళ్లను తప్పు పట్టను, చెట్లు నా కోసం ఆగవు.

ఇది కొత్త విషయమేమీ కాదని తర్వాత తెలిసింది. 2014లోనే, కంపెనీల గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే కాంపిటీషన్ కమిషన్, విడి భాగాలు, పరీక్ష పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారని 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తర్వాత కోర్టులు, అప్పీళ్లు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ "రిపేరు హక్కు" కోసం కమిటీ వేసింది. సెల్‌ఫోన్లు, ఇంటి సామాన్లు, వ్యవసాయ యంత్రాలతో పాటు వాహనాలూ అందులో ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా పెట్టారు. మా అమ్మాయి ఫోన్‌లో తెరిచి చూపించింది. కంపెనీల సర్వీసు సెంటర్ల వివరాలు, వారంటీ షరతులు వగైరా. సర్వీసు సెంటరు అడ్రసు నాకెందుకు, అది నాకు నోటికొచ్చు.

మా మోటార్ల లోకం ఇట్లా ఉండదు. కాలిన మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ షాపులన్నింట్లోనూ ఒక నూనె మరకల నోటు పుస్తకం ఉంటుంది. ఏ మోటారుకు ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ, స్టాంపింగ్ పొడవెంత, అంతా రాసి ఉంటుంది. ఒకడు విప్పి లెక్కపెట్టి రాస్తే పక్క ఊరివాడు వచ్చి చూసి రాసుకుంటాడు. మోటారు కంపెనీలు దీన్ని ఆపలేదు, ఆపాలని చూసినట్టు కూడా నేను వినలేదు. మోటారు ఎక్కడ కాలిందో అక్కడే బాగుపడుతుంది కాబట్టే రైతు ధైర్యంగా అదే కంపెనీ మోటారు మళ్లీ కొంటాడు.

బయటివాళ్ల చేతికి సాఫ్ట్‌వేర్ ఇస్తే పొగ నియంత్రణ పాడుచేస్తారని కంపెనీలు అంటాయి. ఒక మాట ఒప్పుకుంటాను. బ్రేకులు, స్టీరింగు, ఇంజన్ బలం లెక్కల జోలికి ఎవడుపడితే వాడు పోకూడదు. కానీ కోడ్ చదవడం, రిపేరు అయ్యాక చెరపడం, నిలబడి మసి కాల్చడం, ఇంతవరకే ఇస్తే ఏం పాడవుతుంది? ఇవ్వకపోతే ఏమవుతోందో నేను చూస్తున్నాను. విసిగిపోయినవాళ్లు సైలెన్సర్ కోయించి, లోపలి పింగాణీ దిమ్మ పగలగొట్టి పారేసి, పైన మళ్లీ వెల్డింగ్ పెట్టించుకుంటున్నారు. కంప్యూటరును మభ్యపెట్టడానికి దొంగ చిప్పు పనులు చేసేవాళ్లు పుట్టుకొచ్చారు. బయటికి బీఎస్-6 బండి, లోపల బీఎస్-1 పొగ. నాకూ ఆ సలహా ఇచ్చారు. అది నేరమని తెలుసు, పైగా ఫిల్టరు పగలగొడితే ఎగిరే ఆ దుమ్ము కుర్రాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వద్దన్నాను. కానీ పని ఆగిపోయిన రోజున ఎంతమంది వద్దనగలరు?

మా వృత్తిలో కొందరు పెట్రోలు బండ్లకు మారుతున్నారు. బరువు లాగేటప్పుడు ఖర్చు ఎక్కువే అయినా, ఈ దీపాల గోల తక్కువని. ఇంకొందరు "ఎక్కడైనా బీఎస్-4 బండి ఉంటే చెప్పన్నా" అని తిరుగుతున్నారు. పాత బండ్లు రోడ్డు మీద నుంచి పోవాలని ప్రభుత్వం ఒక చేత్తో తోస్తుంటే, కొత్త బండి మీద భయం ఇంకో చేత్తో వాటిని వెనక్కి లాగుతోంది.

షోరూంవాళ్ల మీద కూడా ఒక మాట. బండి కొనేటప్పుడు లోనెంత, ఈఎంఐ ఎంత, డౌన్ పేమెంట్ ఎంత అని అడుగుతారు. ఎక్కడ తోలుతావయ్యా అని అడగరు. బోరు మోటార్లకు అని నేను చెప్పినా సేల్స్ కుర్రాడికి అదొక పెద్ద విషయంగా అనిపించలేదు. రోజుకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో పొలం దారుల్లో తిరిగే పనికి ఈ డీజిల్ బండి ఇబ్బంది పెడుతుందని ఆ రోజే చెప్పి ఉంటే బేరం వేరేగా ఉండేది. బండితో ఇచ్చిన పుస్తకంలో దీని గురించి ఉంది, ఇంగ్లీషులో. కదిరిలో అమ్మే బండికి తెలుగు పుస్తకం, దీపాల బొమ్మలతో, ఏ దీపానికి ఏం చేయాలో, ఇంతవరకైనా అచ్చు వేయించలేరా?

ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ ట్రేడు ఉంది. మా మేస్త్రి వయసు వాళ్లు క్లాసులో కూర్చోవడానికి పోలేరు, షెడ్డు మూసుకుంటే ఇల్లు గడవదు. అదే ఐటీఐలో సాయంత్రం పూట, షెడ్లు కట్టేశాక, ఈ సెన్సార్ల మీద నేర్పిస్తే వస్తారు. పరీక్ష పెట్టి, పాసైనవాడికి కోడ్ చదవడం, చెరపడం, మసి కాల్చడం, ఆ మూడు పనుల వరకు స్కానర్ తాళం తెరిచి, ఎవరు ఏ బండికి ఏం చేశారో నమోదయ్యేట్టు పెట్టండి. తప్పు చేస్తే లైసెన్సు లాక్కోండి. కరెంటు కనెక్షన్ పనికి మా దగ్గర వైర్‌మెన్ పర్మిట్ ఎట్లా ఉందో, ఇదీ అట్లాగే పెట్టొచ్చు.

కంపెనీలవాళ్లు మీ పత్రిక చదువుతారు, ప్రకటనలు వాళ్లవే కదా. పొలంలో బలం చచ్చి నిలబడిన బండికి, పైపు మార్చాక, ఆ ఎర్రదీపం ఆర్పే అధికారం కదిరిలో ఎవరికి ఇస్తారో, ఎప్పటికి ఇస్తారో ఇదే శీర్షికలో జవాబు రాయమనండి. అడ్రసు వేస్తే మొదటి గిరాకీ నేనే.

ఇట్లు,
ఒక బోరు మోటార్ల మెకానిక్,
కదిరి, శ్రీ సత్యసాయి జిల్లా.