మార్గరిన్‌లో ప్లాస్టిక్ లేదు, బేకరీ ట్రే మీద కొవ్వు పేరూ లేదు

సంపాదక మహాశయా,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో బేకరీ కొవ్వుల మీద వచ్చిన వ్యాసం చదివాను. వెన్నకు బదులు బేకరీల్లో వాడే మార్గరిన్ అంటే నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గడ్డ కట్టించిన సరుకనీ, దానికీ ప్లాస్టిక్‌కూ ఒక్క అణువే తేడా అనీ రాశారు. ఈ రెండో మాట వాట్సాప్‌లో ఎన్నాళ్ల నుంచో తిరుగుతోంది. ఎద్దు ఈనిందంటే కొట్టంలో కట్టెయ్యమన్నట్టు పత్రిక కూడా దాన్ని అచ్చేస్తే ఎలాగండీ? నీళ్లకూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌కూ తేడా ఒక్క ఆక్సిజన్ పరమాణువే. అంతమాత్రాన మంచినీళ్లు తాగడం మానేశామా?

నేను కాకినాడ దగ్గర ఒక నూనె శుద్ధి ఫ్యాక్టరీలో షిఫ్టు కెమిస్టుగా చేసి రిటైరయ్యాను. చివరి ఏళ్లన్నీ మార్గరిన్ లైను మీదే గడిచాయి.

హైడ్రోజన్ సంగతి అబద్ధమేమీ కాదు, పాతబడిందంతే. మార్గరిన్ మాత్రం హైడ్రోజన్ పద్ధతి కంటే ముందే పుట్టింది. 1869లో ఫ్రాన్సులో మెజ్ మూరియే అనే రసాయనవేత్త పశువుల కొవ్వునూ పాలనూ కలిపి దీన్ని తయారుచేశాడు. ద్రవంగా ఉన్న నూనెను హైడ్రోజన్‌తో గడ్డ కట్టించే పద్ధతికి జర్మనీలో నార్మన్ అనే రసాయనవేత్త పేటెంటు తీసుకున్నది 1902లో. మన దేశంలో 1937లో డాల్డా వచ్చింది. నికెల్ పొడి వేసి, ఆటోక్లేవు అనే మూత బిగించిన పాత్రలో హైడ్రోజన్ పట్టించి, సగంలో ఆపేస్తే కొవ్వు మెత్తగా, పూసుకోవడానికి వీలుగా వస్తుంది. ఆ సగంలో ఆపడంలోనే గుండెకు చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ అనే కొవ్వు పుడుతుంది. ఆఖరిదాకా ఎక్కించేస్తే ట్రాన్స్ దాదాపు మిగలదు. కానీ అప్పుడది రాయిలా గట్టిపడుతుంది, అలాగే వాడటానికి పనికిరాదు. మీ వ్యాసం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేసింది.

నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ నూటికి మూడు పాళ్లు మించకూడదని 2021 జనవరి నుంచి, రెండు పాళ్లు మించకూడదని 2022 జనవరి నుంచి మన ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. సగంలో ఆపిన హైడ్రోజన్ కొవ్వుతో ఆ రెండు పాళ్ల లోపల నిలబడటం అయ్యే పని కాదు. అందుకే ఇప్పుడు పనంతా బ్లెండింగులోనే, అంటే రకరకాల నూనెలు కలపడంలోనే, జరుగుతోంది.

ఆ బ్లెండింగులో ముఖ్య సరుకు మన ఏలూరు, గోదావరి జిల్లాల రైతులకు తెలిసిన పామాయిల్ గెలే. పండు గుజ్జు నుంచి ఒక నూనె, గింజలోని పప్పు నుంచి ఇంకో నూనె వస్తాయి. గుజ్జు నూనెను నిదానంగా చల్లార్చి ఫిల్టర్ ప్రెస్సులో వడగడితే, కిందికి దిగే ద్రవం ఓలిన్. మీరు ప్యాకెట్లో కొనేది అదే. ప్రెస్సులో మిగిలే గట్టి భాగం స్టియరిన్, అది కరగాలంటే యాభై డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్లాలి. గింజ నూనె ఇరవై ఏడు దగ్గరే కరుగుతుంది. గట్టిదీ మెత్తదీ కలిపితే మధ్యస్తంగా వస్తుందిలే అని కొత్తగా చేరిన కుర్రాళ్లు లెక్క వేసుకొస్తారు. కానీ గుజ్జు నూనె, గింజ నూనె కొన్ని పాళ్లలో కలిస్తే రెండింటికన్నా మెత్తగా తయారవుతాయి. కాగితం మీది సగటు అక్కడ పనిచేయదు. చేసి చూడాల్సిందే.

చేసి చూడటం ఎలాగో చెబుతాను. సన్నటి గాజు గొట్టంలోకి సెంటీమీటరు ఎత్తున కరిగిన కొవ్వు ఎక్కించి, ఐసు మీద గడ్డ కట్టించి, థర్మామీటరుకు కట్టి నీళ్ల బీకరులో దించుతాం. నీళ్లను చాలా నెమ్మదిగా వేడి చేయాలి. తెల్లటి ముక్క ముందు అంచుల్లో మసకబారుతుంది, తర్వాత నీరులా తేరుకుంటుంది, ఉన్నట్టుండి గొట్టంలో పైకి జారుతుంది. అది జారిన డిగ్రీనే రిజిస్టరులో రాస్తాం. ఆ క్షణంలో పక్కవాడితో మాట్లాడుతున్నామా, మళ్లీ మొదటికే.

కరిగే డిగ్రీ కుదిరినంత మాత్రాన పని అయిపోదు. స్ఫటికాలు సన్నగా సూదుల్లా రావాలి. అప్పుడే అవి నూనెనూ గాలినీ పట్టి ఉంచుతాయి, కేకు పిండి పొంగుతుంది. స్ఫటికాలు లావెక్కితే నాలుక మీద గరగరలాడుతుంది, మేం ఇసుక పట్టిందనేవాళ్లం. పామ్ నూనె సన్న స్ఫటికాల వైపే మొగ్గుతుంది, అందుకే దానికింత గిరాకీ. దాని తెగులు దానికీ ఉంది. అది గడ్డ కట్టడంలో మహా నిదానం. లైను మీద మెత్తగా దిగిన సరుకు కార్టన్లోకి వెళ్లాక కొన్ని రోజులకు గట్టిపడి, బేకరీవాడి చేత తిట్లు తినిపిస్తుంది.

వట్టి కలపడంతో కుదరనప్పుడు ఇంటరెస్టరిఫికేషన్ చేస్తారు. ప్రతి కొవ్వు అణువులో ఒక గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అంటుకుని ఉంటాయి. సోడియం మిథాక్సైడ్ అనే రసాయనం గానీ లైపేజ్ ఎంజైము గానీ వాడి, స్టియరిన్ ఆమ్లాలనూ గింజ నూనె ఆమ్లాలనూ చోటు మార్పిస్తారు. ఇందులో హైడ్రోజన్ ఎక్కించేదేమీ లేదు, ట్రాన్స్ పుట్టే సందూ లేదు. బిస్కెట్ ప్యాకెట్ల వెనక ఆ పొడుగాటి మాట చూసి భయపడేవాళ్లకు ఈ ముక్క వివరించి ఉంటే మీ వ్యాసం ఉపయోగపడేది.

నా నౌకరీ రోజుల్లో వనస్పతిలో, మార్గరిన్‌లో నూటికి ఐదు పాళ్లకు తగ్గకుండా నువ్వుల నూనె తప్పనిసరిగా కలపాలి. రుచికోసం కాదు. నేతిలో ఎవడైనా వనస్పతి గానీ మార్గరిన్ గానీ కలిపితే, ఆమ్లమూ ఫర్‌ఫ్యూరాల్ అనే రసాయనమూ పోయగానే నువ్వుల నూనె ఎర్ర రంగు చూపించి పట్టిస్తుంది. దొంగను పట్టడానికి సరుకులోనే సాక్షిని పెట్టిన ఈ నిబంధన రాసినవాడి తెలివికి నేను ఇప్పటికీ ముచ్చటపడతాను.

ఇక నిజంగా పట్టించుకోవాల్సిన సంగతి. మా మేనల్లుడికి తణుకులో బేకరీ ఉంది. కర్రీ పఫ్ పొరలు విడాలంటే పిండి మడతల మధ్య కొవ్వు పలకలా నిలవాలి. మెత్తబడితే పిండిలోకి ఇంకిపోయి పఫ్ పొరలు విడకుండా వస్తుంది, గట్టిదైతే మడతలో విరుగుతుంది. మే నెలలో ఆ గదిలో నలభై డిగ్రీలుంటే ఏం చేస్తారు? ఫ్యాక్టరీవాళ్లు ఎండాకాలానికి స్టియరిన్ వాటా పెంచుతారు. మన ఒంటి వేడి ముప్పై ఏడు. అంతకు మించి కరిగే కొవ్వు నోట్లో పూర్తిగా కరగదు, తిన్నాక అంగిట్లో మైనం పొరలా మిగులుతుంది. వెన్నతో చేసిన పఫ్‌కు ఆ పొర ఉండదు. అది తగిలితే ఏ కొవ్వు వాడారో నాలుకే చెబుతుంది. పామ్ నూనెలో ఇంచుమించు సగం సంతృప్త కొవ్వే, స్టియరిన్‌లో ఇంకా ఎక్కువ. ట్రాన్స్ తగ్గి, ఆ చోట్లోకి ఇది వచ్చి కూర్చుంది. ట్రాన్స్ కంటే ఇది మేలే గానీ, రోజుకు రెండు పఫ్‌లు తినే కుర్రాడి గుండెకు నేను హామీ ఇవ్వలేను.

ప్యాకెట్ బిస్కెట్ల వెనక ఇదంతా చదువుకోవచ్చు. బేకరీలో విడిగా అమ్మే పఫ్ మీద, గాజు సీసాలో బటర్ బిస్కెట్ అని చీటీ అంటించిన సరుకు మీద ఏముంది? విడిగా అమ్మే మిఠాయిల ట్రే మీద ఎప్పటిలోగా తినాలో రాయాలని 2020 అక్టోబరులో నిబంధన తెచ్చారు. అలాంటి చీటీ మీదే వెన్నా, మార్గరినా, వనస్పతా అని ఒక్క మాట రాయించడం పెద్ద పని కాదు. మా మేనల్లుడు కూడా కొనేవాళ్లు తగ్గుతారని ముందు గొణిగాడు. పోయిన నెల నుంచి రాస్తున్నాడు. ఖరీదు ఎక్కువైనా వెన్నవి కావాలని అడిగేవాళ్లు కొందరు కొత్తగా వస్తున్నారట.

ప్లాస్టిక్ మాటకు సవరణ వేయండి. దాంతోపాటు, కొవ్వు వచ్చిన కార్టన్ చూపించమని బేకరీలో అడగమని పాఠకులకు రాయండి. ఏ నూనెలు కలిపారో, సంతృప్త కొవ్వు ఎంతో మామూలుగా దాని మీద అచ్చయి ఉంటుంది.

ఇట్లు,
విశ్రాంత షిఫ్టు కెమిస్టు,
కాకినాడ