సైకిల్ షెడ్డు రేకు నీలంగా ఎందుకు కనిపించింది?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల మన బడి మీద డ్రోన్ ఎగిరిందని పిల్లలు ఇంట్లో చెప్పే ఉంటారు. ఎందుకు ఎగిరిందో నేను చెబుతాను.

తొమ్మిదో తరగతి వాళ్లు ఈసారి సైన్స్ ప్రాజెక్టుకి నగరంలో వేడిని ఎంచుకున్నారు. నగరాలు చుట్టుపక్కల పల్లెల కంటే వెచ్చగా ఉంటాయన్నది పాత సంగతే. ల్యూక్ హొవార్డ్ అనే ఆయన ఏళ్ల తరబడి ఉష్ణోగ్రతలు రాసిపెట్టుకుని, లండన్‌లో రాత్రిళ్లు శివార్ల కంటే వెచ్చగా ఉంటాయని 1818లోనే ప్రకటించారు. కాంక్రీటు, తారు పగలంతా ఎండను పీల్చుకుని రాత్రి మెల్లగా వదులుతాయి. భూమి మొత్తంగా వేడెక్కుతున్న ఈ రోజుల్లో ఆ అదనపు వేడి ఏ వీధిలో, ఏ కప్పు కింద ఎక్కువగా ఉందో తెలుసుకోవడం చాలా అవసరం.

దానికి ఉపగ్రహాలు ఉన్నాయి కదా అని నేనూ అడిగాను. లాండ్‌శాట్ 8 అనే ఉపగ్రహం ఒక చోటు మీదికి మళ్లీ రావడానికి 16 రోజులు పడుతుంది. వేడిని కొలిచే దాని థర్మల్ సెన్సర్‌కి 100 మీటర్ల చదరం మొత్తం ఒక్క చుక్క. మన తరగతి గదులు, ఆటస్థలం, వేపచెట్లు అన్నీ దాదాపు ఒకే రంగులో కలిసిపోతాయి. థర్మల్ కెమెరాతో కింద ఎగిరే డ్రోన్‌కి మాత్రం చెట్టు నీడ వేరు, దాని పక్కన సిమెంటు నేల వేరు.

అనుమతులన్నీ తీసుకుని, శిక్షణ పొందిన పైలట్‌తోనే ఎగరేయించాం. థర్మల్ కెమెరా వేడిగా ఉన్నదాన్ని ఎర్రగా, చల్లగా ఉన్నదాన్ని నీలంగా చూపిస్తుంది. తెర మీద ఆటస్థలం ఎర్రగా, చెట్ల కింద నీలంగా కనిపించింది. పిల్లలు అనుకున్నదే. కానీ సైకిల్ షెడ్డు మీది కొత్త రేకులు చెట్ల కన్నా నీలంగా కనిపించాయి! అంటే రేకు చల్లగా ఉన్నట్టు. "టీచర్, మిట్టమధ్యాహ్నం రేకు చల్లగా ఎలా ఉంటుంది?" అని ఒక అమ్మాయి పట్టుబట్టింది. సైన్స్ మాస్టారు రేకు అంచు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశారు, చురుక్కుమంది. తర్వాత నల్ల ఇన్సులేషన్ టేపు నాలుగైదు వరసలు రేకు మీద అంటించి, కాసేపు ఆగి, డ్రోన్‌ని కిందికి దించి చూశారు. నీలం రేకు మీద టేపు ముక్క ఒక్కటే ఎర్రగా మెరిసింది.

మెరిసే లోహం ఎంత కాలినా, థర్మల్ కెమెరా పట్టుకునే పరారుణ కిరణాలను (కంటికి కనబడని వేడి కిరణాలను) చాలా తక్కువగా విడుదల చేస్తుంది, పైనున్న చల్లని ఆకాశాన్నే అద్దంలా చూపిస్తుంది. ఈ సంగతి పాఠంగా చెప్పి ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు ఈ ఏడాదిలో దొరికిన పెద్ద సంతోషం.

ఒక్క మధ్యాహ్నం తీసిన బొమ్మలతో వాతావరణ మార్పు గురించి ఏమీ తేల్చలేం. అందుకే ప్రతి కాలంలోనూ అదే దారిలో, అదే ఎత్తులో, అదే వేళకి ఎగరేసి లెక్కలు దాచిపెట్టాలని, వచ్చే ఏడు తొమ్మిదో తరగతికి అప్పగించాలని పిల్లలు నిర్ణయించుకున్నారు.

రాత్రి మిగిలిపోయిన వేడిని చూడటానికి ఈసారి పొద్దు పొడవగానే కూడా ఎగరేస్తాం. పిల్లల్ని అంత తెల్లవారుజామున పంపడం మీకు ఇబ్బందే, తెలుసు. దయచేసి మీరే దిగబెట్టండి, వీలైతే ఉండి చూడండి. థర్మల్ కెమెరా గోడల్లోంచి, కిటికీ అద్దాల్లోంచి లోపలికి చూడలేదు, ఆ విషయంలో టెన్షన్ పడకండి. డైరీలో పెట్టిన అనుమతి పత్రం మీద సంతకం చేసి, శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు