కవి ఇల్లు కలప అడితికి చేరకముందే

సంపాదకులకు నమస్కారం.

మా కోనసీమలో మండువా లోగిళ్ళు, అంటే నడుమ ఆరుబయలు వాకిలీ చుట్టూ వసారాలూ ఉన్న పాత పెంకుటిళ్ళు, ఒక్కొక్కటే నేలమట్టమవుతున్న సంగతి మీ పాఠకులకు కొత్త కాదు. ఒకప్పుడు భద్రాచలం అడవుల్లో కొట్టి, తెప్పలుగా కట్టి గోదావరి మీదుగా దించిన టేకుతో లేచిన ఇళ్ళవి. ఆ స్తంభాలకూ దూలాలకూ పలికే ధర చూసి వ్యాపారులు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. కిందటి వేసవిలో మా పక్క ఊళ్ళో, ఒక పద్యకవి కాపురమున్న ఇంటిని విప్పుతుండగా చూశాను. ఆయన శిష్యులు కూర్చుని పద్యాలు వల్లించిన వీధి అరుగు మీదే గుమ్మాలను పేర్చి, సుద్దతో నంబర్లు వేసి లారీకెక్కించారు.

వారసులను తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. దూరదేశాల్లో స్థిరపడినవారు పెంకు నేయిస్తూ, చెదలతో పోరాడుతూ పాత ఇంటిని ఎన్నాళ్ళు కాయగలరు? ఇంగ్లండులో కవి బైరన్ అంతటివాడే, పదేళ్ళ వయసులో తనకు సంక్రమించిన న్యూస్టెడ్ ఆబీ అనే భవంతిని అప్పుల బాధతో 1818లో అమ్ముకున్నాడు. కొన్న సహాధ్యాయి దాన్ని బాగుచేయించాడు. చేతులు మారుతూ వచ్చి 1931లో అది నాటింగ్‌హామ్ నగర పాలక సంస్థకు దక్కింది, నేటికీ జనం వెళ్ళి చూసి వస్తున్నారు.

అంతదూరం ఎందుకు, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పుట్టిన ఇంటిని మనమే కాపాడుకున్నాం. ఆ శ్రద్ధ పల్లెల దాకా రాలేదు. కడియం వెళ్ళి పూలమొక్కలు తెచ్చుకునేవారిలో, అది తిరుపతి వేంకట కవుల జంటలో ఒకరైన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి పుట్టిన ఊరని ఎరిగినవారు ఎందరు? విగ్రహాలకు మాత్రం మనకు కొదవ లేదు, ఏడాదికొక దండతో సరిపెట్టుకోవచ్చు కాబట్టి.

గోదావరి జిల్లాల అధికారులు పంచాయతీల ద్వారా కవులు నివసించిన ఇళ్ళ జాబితా తయారు చేయించాలని, వారసులు అమ్మదలచినప్పుడు తగిన ధరకు కొనే తొలి అవకాశం జిల్లా గ్రంథాలయ సంస్థకు ఉండేలా చూడాలని నా విన్నపం. అద్దె కొంపల్లో నడుస్తున్న శాఖా గ్రంథాలయానికి మండువా చుట్టూ ఉన్న నాలుగు వసారాలు చాలినంత చోటు. కొనడం కుదరని ఇంటికైనా, విప్పకముందే కొలతలతో పటం గీయించి ఫొటోలు తీయించడానికి పెద్ద ఖర్చు కాదు.

మా మండలంలో మరో రెండు ఇళ్ళు బేరంలో ఉన్నాయని వింటున్నాను. వానలు మొదలయ్యేలోగా వాటిని విప్పేస్తారు గనుక, కనీసం ఆ రెండింటి దగ్గరికైనా ఎవరినైనా ఈ నెలలోనే పంపాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
కోనసీమ