చిన్నాకు, అమ్మ

చిన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న బీపీ కంట్రోల్‌లోనే ఉంది. లక్ష్మక్క వాళ్ల గోడ గొడవ ఒక కొలిక్కి వచ్చింది. ఉగాది నాడు మాట్లాడినవాడివి, మళ్లీ ఫోన్ లేదు, సరేలే, అది అడగడానికి కాదు రాస్తున్నది. శేఖర్ బాబాయి ఏదో అన్నాడు, నువ్వు ల్యాబ్ మానేశావని. నేను పట్టించుకోలేదు.

అమెరికాలో మీ విస్కాన్సిన్ రాష్ట్రం గురించి చదువుతుంటే జాన్ మ్యూర్ కనిపించాడు, అడవుల్ని కాపాడాలని పుస్తకాలు రాసినాయన. స్కాట్లండ్‌లో పుట్టిన పిల్లాడు, 1849లో 11 ఏళ్లప్పుడు తండ్రి తీసుకొచ్చి మీ పోర్టేజ్ ఊరి దగ్గర అడవిలో పడేశాడు. నాగలి మేడికి తల అందీ అందకుండానే దుక్కి. తర్వాత హికరీ హిల్ అని ఇంకో పొలం, అక్కడ నీటిచుక్క లేదు. బావి తవ్వాలి. పైన 10 అడుగులు మట్టి, కింద అంతా ఇసుకరాయి. మందు పెట్టి పేల్చబోతే కుదరలేదు, దాంతో ఈ పిల్లాడి చేతికి ఉలీ సుత్తీ ఇచ్చి 3 అడుగుల వెడల్పు గుంతలోకి దించారు. పొద్దున దిగితే మధ్యాహ్నం తిండికి పైకి, మళ్లీ చీకటి పడేదాకా లోపలే, నెలల తరబడి. 80 అడుగుల లోతులో ఒక పొద్దున దిగేసరికి రాత్రంతా చేరిన బొగ్గుపులుసు వాయువు ఉంది. గోడకు ఒరిగిపోయాడు. పైన ఓక్ చెట్టు కొమ్మ కంటబడి కాస్త తెలివొచ్చి, పైనుంచి తండ్రి అరుస్తుంటే నీరసంగా పైకి తీయమన్నాడు, లేకపోతే అంతే. పొరుగున డంకన్ అని గనుల్లో పనిచేసిన పెద్దాయన వచ్చి చెప్పాడు, ముందు నీళ్లు గుమ్మరించండి, తాడుకు గడ్డికట్ట కట్టి కిందా పైకీ ఆడించండి అని. మన పాత బావిలో ఎవరినైనా దించాలంటే తాత ముందు లాంతరు దించి చూసేవాడు కాదూ, ఆరిపోతే ఆ రోజు పని బంద్. ఈ తండ్రికి ముందు ఆ మాత్రం తెలియలేదు, ప్రమాదం అయ్యాకే కొవ్వొత్తి దించి చూశాడు. ఒకటి రెండు రోజులకే కొడుకును మళ్లీ దించాడు! 90 అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. తను మాత్రం ఒక్క గంటైనా ఆ బావిలో దిగలేదట. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ అబ్బాయి రాత్రి ఒంటిగంటకే లేచి చెక్క గడియారాలు చేసేవాడు, అది మాత్రం నువ్వు నేర్చుకోకు, నీ నిద్ర సంగతి సుధ చెప్పింది. 1860లో అవి పట్టుకుని మీ మాడిసన్ ఎగ్జిబిషన్‌కు బయల్దేరుతూ, అవసరమైతే డబ్బు పంపుతారా అని అడిగితే తండ్రి పంపనన్నాడు. నేనెప్పుడైనా అట్లా అన్నానా? రూమ్ రెంట్ కట్టావా అసలు? మీ యూనివర్సిటీలోనే చేరాడు, డిగ్రీ తీసుకోకుండానే వెళ్లిపోయాడు. అయినా 1890లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్క్ అయ్యిందంటే ఆయన రాతల చలవ చాలా ఉంది. కాబట్టి మానేస్తే మానేశావు. 1867లో ఊరు విడిచాక ఆయన మళ్లీ ఇంటికి వచ్చింది 1885లో, 18 ఏళ్లకు, తండ్రి పోయే ముందు. ఆ తల్లి ఎట్లా ఉందో! కానీ ఉత్తరాలు రాసేవాడు. మీవాళ్లకు చేతిలోనే ఫోన్ ఉంది.

లోపల ఊపిరాడకపోతే అరవాలి నాన్నా, పైన ఉన్నవాళ్లకు ఎట్లా తెలుస్తుంది. బాబాయి మాట నిజమో కాదో నువ్వే చెప్పు, నాన్నతో నేను మాట్లాడుకుంటాను. మీకు రాత్రి తొమ్మిదైతే మాకు పొద్దున ఏడున్నర, ఆయన వాకింగ్‌లో ఉంటాడు, అప్పుడు చెయ్యి. వీడియో కాల్ చెయ్యి, చిక్కిపోయావో లేదో చూడాలి.

అమ్మ